జేబులో పట్టే వంటకత్తి: ఆరేళ్ళ వాడకం తరువాత

నేను ఇక్కడ సమీక్షిస్తున్న చాకు ఏ దుకాణంలోనూ దొరకదు. నేనే కాగితం మీద గీసి, కొలతలు వేసి, మొదట ఒక కమ్మరి చేత, తరువాత ఒక చిన్న వర్క్‌షాపులో, రెండు విడతలుగా చేయించుకున్నాను. మొదటిది 2017 చివర తయారై పద్దెనిమిది నెలలు పనిచేసింది. రెండోది 2019 ఆగస్టులో నా చేతికి వచ్చింది. కాలువల సర్వే ఉద్యోగం కావడం వల్ల నంద్యాల, మచిలీపట్నం, పాల్వంచ, పాలకొండ అంటూ ఏడాదికో రెండేళ్ళకో ఊరు మారుతుంటాను, అద్దె గదిలో ఒంటి పొయ్యి మీద వండుకుంటాను. సెలవుల్లో ఇంటికి వచ్చిన రోజులను మినహాయిస్తే, ఈ ఆరేళ్ళలో నేను వండుకున్న ప్రతి కూరకూ ముక్కలు కోసింది ఈ చాకే.

మా ఇంట్లో అందరూ కత్తిపీట మీదే కూరగాయలు తరుగుతారు. కత్తిపీట దగ్గర అలుగు, అంటే బ్లేడు, కదలదు. రెండు చేతుల మధ్య ఉన్న కాయే దాని మీదికి వెళుతుంది. ఆ కత్తిపీటను సంచిలో పెట్టుకుని ఊళ్ళు తిరగలేము. మామూలు వంటకత్తికి అట్ట చుట్టి తీసుకువెళ్ళాను కానీ, రెండు ప్రయాణాలు తిరిగేసరికి అట్ట చిరిగేది, అంచు స్టీలు గిన్నెలకు తగిలి పళ్ళు పడేది. గదిలో కూరగాయలు తరిగే పలక కూడా లేని రోజుల్లో కాయను ఎడమ చేతిలో పట్టుకుని, చాకును బొటనవేలి వైపు లాగుతూ, ముక్కలను నేరుగా గిన్నెలోకి రాల్చడం అలవాటైంది. పలక మీద తరగడానికీ, ఇలా చేతిలోనే కోయడానికీ ఒకే చాకు పనికి రావాలి, అది మడిస్తే జేబులో పట్టాలి అన్నది నేను పెట్టుకున్న షరతు. ఈ షరతు చెప్పుకోవడానికి సులువుగానే ఉంటుంది గానీ, గీయడం మొదలుపెడితే ప్రతి కొలతా ఇంకొక కొలతతో గొడవ పడుతుంది.

ముందుగా మందం సంగతి చెప్పాలి, ఎందుకంటే నా అనుభవంలో మడత చాకులను వంటకు పనికి రాకుండా చేసేది స్టీలు కాదు, పొడవు కాదు, మందమే. జేబు చాకులు చాలావరకు తాళ్ళు, అట్టపెట్టెలు, పుల్లలు కోయడానికి చేసినవి. వాటి వెన్ను, అంటే పదునుకు ఎదురుగా ఉండే మొద్దు వైపు, సాధారణంగా మూడు నుంచి నాలుగు మిల్లీమీటర్ల మందం ఉంటుంది. ఆ మందం అంచుకు చాలా దగ్గర వరకు అలాగే వచ్చి, చివర్లో మాత్రమే హఠాత్తుగా సన్నబడుతుంది. అటువంటి చాకుకు వెంట్రుకను కోసేంత పదును పెట్టినా అది క్యారెట్టును కోయదు, చీలుస్తుంది. అంచు లోపలికి దిగిన తరువాత దాని వెనక ఉన్న భుజాలు గొడ్డలి కట్టెను చీల్చినట్టు ముక్కను రెండు పక్కలకూ నెడతాయి, సగం దూరం పోగానే టప్పుమని విరుగుతుంది. ఉల్లిపాయ అయితే పొరలు నలిగి, కోసినప్పుడు కారవలసిన దానికంటే ఎక్కువ రసం కారి, కళ్ళు మండుతాయి. మంచి వంటకత్తి వెన్ను రెండు మిల్లీమీటర్ల దగ్గర మొదలై అంచు దాకా ఒకే వాలుగా సన్నబడుతుంది. పదును మొదలయ్యే చోటికి కాస్త వెనక కొలిస్తే 0.3 మిల్లీమీటరు మాత్రమే ఉంటుంది. వంటకు మడత చాకు కొనదలచిన వారు స్టీలు పేరు చదవడానికి ముందు ఈ మందం కొలిపించుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

మడత చాకు పల్చగా ఉన్నా బలంగానే ఉండగలదని నాకు నమ్మకం కలిగించింది ఫ్రాన్స్‌లోని సావ్వా ప్రాంతపు ఒపినెల్ చాకు. జోసెఫ్ ఒపినెల్ 1890లో రూపొందించిన ఆ చాకు పల్లె జనం రొట్టె, జున్ను, పండ్లు కోసుకునే పనిముట్టుగానే పుట్టింది. 1897 నాటికి 1 నుంచి 12 దాకా నంబర్లతో సైజులు వచ్చాయి, 1955లో మార్సెల్ ఒపినెల్ దానికి తిప్పి బిగించే ఉంగరం లాక్ చేర్చాడు. 8వ నంబరు అలుగు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. నా సహోద్యోగి ఒకరి దగ్గర ఉన్న ఆ 8వ నంబరును వారం రోజులు అడిగి తీసుకుని వాడాను. రెండు మిల్లీమీటర్లకు లోపు వెన్ను ఉన్న ఆ చాకుతో టమాటా కోసినప్పుడు, గింజలు కదలకుండా చక్రాలు పడడం చూసి, నా గీతల్లో మందం అంకెను ఆ రోజే మార్చేశాను. అయితే అది చేతిలో పట్టుకుని కోయడానికి పుట్టిన ఆకృతి, పిడీ అలుగూ ఒకే గీత మీద ఉంటాయి. పలక మీద ఉల్లిపాయ తరగాలంటే అంచు పూర్తిగా పలకను తాకాలి, ఆ క్షణంలో పిడి పట్టుకున్న వేళ్ళ కణుపులకు చోటు కావాలి. వంటకత్తికి మడమ, అంటే పిడి దగ్గరి అలుగు భాగం, కిందికి దిగి ఉండేది అందుకే.

మడత చాకుకు మడమను దించడం ఎందుకు కష్టమో చెప్పడానికి కొంచెం ఓపిక కావాలి. అలుగు ఇరుసు చుట్టూ సగం చుట్టు తిరిగి పిడి లోపలికి వెళుతుంది. తెరిచి ఉన్నప్పుడు ఇరుసుకు కింద ఎంత అలుగు ఉంటుందో, మూసినప్పుడు అంత అలుగూ ఇరుసుకు పైన, పిడి వెన్ను వైపు చోటు అడుగుతుంది. ఇరుసును అందరూ పెట్టినట్టు పిడి ఎత్తుకు సరిగ్గా మధ్యలో పెడితే, మడమను దించిన మరుక్షణం అది మూసినప్పుడు పిడి వీపులోంచి బయటికి పొడుచుకు వస్తుంది. నేను నాలుగు కాగితాలు చించిన తరువాత గాని నాకు తట్టని పరిష్కారం, ఇరుసునే కిందికి దించడం. నా రెండో చాకులో పిడి ముందు భాగం ఎత్తు 28 మిల్లీమీటర్లు. ఇరుసు కింది అంచు నుంచి 7 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంది, దానికి పైన 21 మిల్లీమీటర్లు మిగిలాయి. అందువల్ల మడమను ఇరుసు నుంచి 18 మిల్లీమీటర్ల లోతుకు దించినా, మూసినప్పుడు అది పిడి వీపుకు 3 మిల్లీమీటర్లు లోపలే ఉంటుంది. తెరిచినప్పుడు మడమ పిడి కింది అంచు కంటే 11 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. దీనికి తోడు పిడిని అలుగు గీత నుంచి పది డిగ్రీలు పైకి వంచాను, మధ్యవేలు ఉండే చోటికి వచ్చేసరికి ఖాళీ ఇంచుమించు 20 మిల్లీమీటర్లయింది. నా వేళ్ళు లావు. అయినా ఆరేళ్ళలో కణుపులు పలకకు కొట్టుకోలేదు. ఇదే సమస్యను అమెరికాలోని స్పైడెర్కో సంస్థ కోసం పోలండ్ రూపకర్త మార్చిన్ స్లిష్ గీసిన స్పైడీషెఫ్ అనే చాకు కూడా మడమను దించి పరిష్కరించిందని ఆ తరువాత బొమ్మల్లో చూసి తెలుసుకున్నాను. నేను దాన్ని వాడలేదు గనుక దాని పనితనం గురించి మాట్లాడను.

ఇవన్నీ మొదటి చాకులో లేవు, దాని లోపాలు చెప్పకుండా రెండోదాని గుణాలు అర్థం కావు. మొదటిదాన్ని కృష్ణా జిల్లాలోని మా అమ్మమ్మ గారి ఊళ్ళో కొడవళ్ళు, కత్తిపీటలు చేసే కమ్మరి దగ్గర చేయించాను. పాత లారీ కమాన్ పట్టీ ముక్కను కొలిమిలో పెట్టి సాగగొట్టాడు. రెండు మిల్లీమీటర్లకు దించమని నేను అడిగినప్పుడు ఆయన సుత్తి ఆపి, "ఇంత పల్చనైతే వంగిపోద్ది బాబూ, విరిగితే మళ్ళీ నన్నడగమాకు" అన్నాడు. "కూరగాయలకే తాతా, కట్టెలకు కాదు" అని చెప్పి ఒప్పించాను. నీళ్ళలో ముంచితే పల్చటి అలుగు మెలి తిరుగుతుందని నూనెలో ముంచి గట్టిపరిచాడు, తరువాత గడ్డి రంగు తేలేదాకా మళ్ళీ సన్నగా కాచి పెళుసు తీశాడు. ఆ అలుగు వంగలేదు, విరగలేదు. ఆయన పనిలో వంక పెట్టడానికి నాకేమీ లేదు. తప్పులన్నీ నా గీతల్లో ఉన్నవే.

వాటిలో మొదటిది ఇత్తడి. పిడి లోపలి పలకలు, వాషర్లు ఇత్తడితో ఉంటే అందంగా ఉంటాయనీ తుప్పు పట్టవనీ పెట్టించాను. కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసు కాచకూడదని తెలిసిన ఇంట్లో పెరిగి కూడా ఆ సంగతి చాకు దగ్గర గుర్తు రాలేదు. నిమ్మరసం, చింతపండు, మామిడికాయ రసం కీలులోకి జారి రెండు వారాలకే ఇరుసు చుట్టూ పచ్చటి చిలుము కట్టింది. దాన్ని గోకి శుభ్రం చేయడం సాధ్యమే గానీ, కంటికి కనిపించని లోపలి భాగంలో ఎంత ఉందో, అది నా కూరలోకి ఎంత వస్తోందో అన్న అనుమానంతో తినడం సాధ్యం కాలేదు. తిండికి తగిలే కీలులో ఇత్తడి గాని రాగి గాని ఉండకూడదు.

రెండోది కర్బనపు స్టీలు. పదును విషయంలో దానికి సాటి లేదు, సానరాయి మీద నాలుగు సార్లు తోస్తే చాలు. కానీ మన కూరల్లో పులుపు, వగరు రెండూ ఎక్కువ. అరటికాయ, వంకాయ, ఉసిరికాయ వంటి వాటిలో ఉండే వగరు పదార్థం ఇనుముతో కలిస్తే నల్లటి రంగు పుడుతుంది. పాతకాలంలో కరక్కాయకు ఇనుము చేర్చి సిరా చేసుకున్నది ఈ గుణంతోనే. అరటికాయ వేపుడుకు కోసిన ముక్కలు ఉప్పునీళ్ళలో వేసినా అంచుల దగ్గర బూడిద రంగు తేలేవి. రెండు మూడు నెలల తరువాత అలుగు మీద నీలి నలుపు పొర స్థిరపడి ఈ మచ్చలు తగ్గాయి గానీ, కొత్త ఆవకాయ రోజుల్లో పచ్చి మామిడికాయ ఆ పొరను కడిగేసేది, ముక్కకు ఇనుప వాసన పట్టేది. మచిలీపట్నం వెళ్ళాక సముద్రపు గాలికి రాత్రి తుడిచి పెట్టిన అలుగు మీద తెల్లవారేసరికి ఎర్రటి చుక్కలు కనిపించేవి. ఇంట్లో, పొడిగా ఉండే ఊళ్ళో, ఒకే చోట ఉండి వాడుకునేవారికి కర్బనపు స్టీలునే నేను ఇప్పటికీ సిఫారసు చేస్తాను. మడిచి చీకటి గాడిలో దాచే అలుగుకు మాత్రం వద్దు.

మూడోది లాక్ లేకపోవడం. తరిగేటప్పుడు పలక నుంచి వచ్చే ఒత్తిడి అలుగును తెరుచుకునే వైపే నెడుతుంది, అందువల్ల లాక్ అవసరం లేదని నేను వాదించుకున్నాను. ఆ వాదం తరగడం వరకు నిజమే. కానీ వంటలో మొనతో పొడిచే పనులు కూడా ఉంటాయి. ఒకనాడు కందగడ్డలో కుళ్ళిన భాగం తవ్వుతుండగా మొన ఇరుక్కుంది. వెనక్కి లాగి పక్కకు తిప్పబోయేసరికి అలుగు మడుచుకుని చూపుడువేలి మీద పడింది. ఎముక దాకా పోలేదు, మూడు కుట్లతో సరిపోయింది. ఆ రోజు నుంచి లాక్ లేని మడత చాకును వంటకు వాడమని ఎవరికీ చెప్పను.

ఇక రెండో చాకు. హైదరాబాదు బాలానగర్‌లోని ఒక చిన్న వర్క్‌షాపులో, స్వీడన్ నుంచి వచ్చే 12సి27 అనే స్టెయిన్‌లెస్ స్టీలు రేకుతో చేయించాను. దానిలో 0.6 శాతం కర్బనం, 13.5 శాతం క్రోమియం ఉంటాయి. ఈ స్టీలును గట్టిపరచడానికి వెయ్యి డిగ్రీలు దాటిన వేడి, నిమిషాల లెక్కన సమయం కచ్చితంగా పాటించాలి, అందుకని ఇది బొగ్గుల కొలిమిలో అయ్యే పని కాదు. అలుగు పొడవు 96 మిల్లీమీటర్లు, వెన్ను మడమ దగ్గర 1.8, మొన దగ్గర ఒక మిల్లీమీటరు. పిడి 118 మిల్లీమీటర్లు, రెండు పక్కలా టేకు చెక్కలు, వాటి లోపల స్టీలు పలకలు, వీపు వైపు మూత లేదు. రెండు చిన్న స్తంభాలు తప్ప పిడి లోపల అంతా ఖాళీయే. ఒక పక్క పలక నుంచే కోసిన పట్టీ అలుగు వెనకకు వచ్చి ఆనుకుని లాక్ అవుతుంది. మొత్తం బరువు 82 గ్రాములు, ఖర్చు అప్పట్లో నాలుగు వేల ఎనిమిది వందల రూపాయలు. ఆ ధరకు నాలుగు మంచి వంటకత్తులు వస్తాయి, ఆ మాట దాచను.

పనితనం గురించి చెప్పాలంటే గుత్తి వంకాయతోనే మొదలుపెట్టాలి, ఎందుకంటే చాకుకు అంతకు మించిన పరీక్ష నాకు తెలియదు. ముచ్చిక తెగకుండా కాయను నాలుగు పక్షాలుగా చీల్చాలి, నాలుగు గాట్లూ ఒకే లోతులో ఆగాలి, లోపల పుచ్చు ఉందో లేదో విప్పి చూడాలి. పెద్ద వంటకత్తితో ఈ పని చేయడం అంటే గడ్డపారతో మల్లెమొక్క నాటడమే. ఈ చాకును చూపుడువేలు వెన్ను మీద ఆనించి పట్టుకుంటే మొన ఎక్కడుందో చూడకుండానే తెలుస్తుంది. కాకరకాయ చీల్చి గింజలు తీయడం, పచ్చిమిర్చికి గాటు పెట్టడం, చిక్కుడుకాయ ఈనె లాగడం, మునక్కాయ ముక్క చివర కొంచెం వదిలి పీచు లాగడం, ఇవన్నీ అరచేతిలో పట్టే ఈ సైజుకే బాగా కుదిరే పనులు. దొండకాయ చక్రాలు చేతిలోనే కోస్తాను, కాగితంలా కాకపోయినా వేపుడుకు కావలసినంత పల్చగా పడతాయి. అల్లం చెక్కు తీయడానికి చాకు వెన్ను వాడతాను. ఆ పని కోసమే వెన్ను మూలలను గుండ్రం చేయకుండా ఉంచమని చెప్పాను, అది మంచి నిర్ణయం.

ఉల్లిపాయకు తొంభై ఆరు మిల్లీమీటర్లు సరిపోతాయి. మన బజారులో దొరికే పాయ అడ్డంగా అయిదు నుంచి ఏడు సెంటీమీటర్లు ఉంటుంది, సగం కోసి బోర్లా పెడితే అలుగు దాన్ని దాటి ఇంకా రెండు వేళ్ళు మిగులుతుంది. అయితే అంచును నేను పెద్ద వంపుతో గీశాను, తరగడంలో చాకు ఊగుతూ కదలాలని. అది పొరపాటు. పది సెంటీమీటర్ల లోపు అలుగు ఊగదు, ఊపితే మొన పలకను తవ్వుతుంది. పొట్టి అలుగుతో ఎవరైనా ముందుకు తోసే కోస్తారు, వెనక్కి లాగే కోస్తారు. దానికి అంచు దాదాపు తిన్నగా ఉండాలి. ఈ వంపు వల్ల కొత్తిమీర తరిగినప్పుడు అడుగున కొన్ని కాడలు తెగకుండా గొలుసులాగా మిగిలిపోతాయి, ఆరేళ్ళుగా మిగులుతూనే ఉన్నాయి. బంగాళాదుంప ముక్క అలుగుకు అంటుకోవడం కూడా ఉంది. పల్చటి, నునుపైన అలుగు దేనికైనా ఆ బాధ తప్పదు, వేలితో తోసేస్తే పోతుంది.

చాలా జేబు చాకులలో పిడికీ పదును మొదలయ్యే చోటికీ మధ్య అర అంగుళం మొద్దు భాగం ఉంటుంది. చేతిలో పట్టుకుని కోసేవారికి అన్నిటికంటే బలం దొరికేది సరిగ్గా ఆ చోటే గనుక, నేను పదును మడమ చివరి దాకా తెప్పించాను. సొరకాయ తొడిమ, మునక్కాయ కణుపు, మొక్కజొన్న పొత్తు కాడ, ఇవన్నీ ఆ చివరి సెంటీమీటరు మీదే తెగుతాయి. కాకపోతే ఆ మూల సూది లాగా ఉండి మొదటి నెలలో వేలికి రెండు సార్లు గీసుకుంది. రాయి మీద ఆ ఒక్క మూలను కొంచెం గుండ్రం చేశాక మళ్ళీ ఇబ్బంది రాలేదు.

ఇప్పుడు శుభ్రత. మడత చాకు వంటింటి పనిముట్టుగా నిలబడుతుందా లేదా అన్నది ఇక్కడే తేలుతుంది, అందుకని కాస్త విస్తరంగా చెబుతాను. కోసిన ప్రతిదాని రసమూ కీలులోకి చేరుతుంది. ఉల్లి రసం, కొబ్బరి పాలు, టమాటా గింజలు అలుగుకూ వాషరుకూ మధ్య చేరి ఎండితే రెండో రోజుకు వాసన వేస్తాయి, నాలుగో రోజుకు చాకు తెరుచుకోవడం బిగుసుకుంటుంది. నా చాకు ఇరుసు స్క్రూ తలకు వెడల్పాటి గాడి పెట్టించాను. అందులో రూపాయి బిళ్ళ సరిగ్గా కూర్చుంటుంది. పనిముట్లేవీ లేకుండా, బిళ్ళతో స్క్రూ తిప్పి, అలుగును వేరు చేసి, అన్నిటినీ గిన్నెలు తోమే సబ్బుతో కడిగి, ఆరబెట్టి, మళ్ళీ బిగించడానికి అయిదారు నిమిషాలు పడుతుంది. రోజూ తెరిచిన చాకును కుళాయి కింద పట్టి, పిడి లోపలికి నీళ్ళు పోనిచ్చి, దులిపి, తెరిచే ఉంచి ఆరబెడతాను. వీపు మూత లేనందువల్ల నీళ్ళు నిలవవు. పది రోజులకొకసారి పూర్తిగా విప్పుతాను. ఈ రూపకల్పనలో నన్ను అన్నిటికంటే సంతోషపెట్టిన భాగం ఏదని అడిగితే ఆ స్క్రూ గాడి అనే చెబుతాను. వాషర్లు టెఫ్లాన్‌వి వేయించాను. నాలుగేళ్ళకు ఒక జత అరిగింది, మార్చాను.

కీలుకు వేసే నూనె కూడా తినేదే అయి ఉండాలి. మొదట వేరుశనగ నూనె వేశాను, నెల తిరిగేసరికి జిగురుగా మారి దుమ్ము పట్టింది. తరువాత కొబ్బరి నూనె మంచిదనిపించింది, ఎండాకాలమంతా చక్కగా పనిచేసింది. పాలకొండలో డిసెంబరు ఉదయాల్లో మాత్రం చాకు తెరవడానికి రెండు చేతుల బలం కావలసి వచ్చేది. కొబ్బరి నూనె ఇరవై నాలుగు డిగ్రీల దగ్గరే గడ్డకట్టుతుంది కదా, సీసాలో గడ్డకట్టినట్టే కీలులోనూ గడ్డకట్టింది. ఇప్పుడు మందుల షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ ఒక్క చుక్క వేస్తున్నాను. అది చలికి గడ్డకట్టదు, మక్కిన వాసన రాదు.

పచ్చి మాంసం, చేపలు దీనితో కోయను, ఎవరినీ కోయమని చెప్పను. రెండు సార్లు కోడి మాంసం ముక్కలు సరిచేశాను. ప్రతిసారీ విప్పి వేడినీళ్ళతో కడిగే దాకా మనసు ఒప్పుకోలేదు. నెత్తురు, నీచు చేరిన కీలును సరిగా కడగకుండా అదే చాకుతో పచ్చి ఉల్లి, కీరదోస కోసుకుని తినడం ప్రమాదమే. మన చేపల బజారులో పెద్ద కత్తిపీటల మీద పొలుసు తీసి ముక్కలు చేసి ఇస్తారు, ఆ సౌకర్యం ఉన్నచోట మడత చాకుకు ఈ పని అప్పగించవలసిన అవసరం లేదు.

సాన విషయానికి వస్తే, వెయ్యి నంబరు గరుకు ఉన్న రాయిని తడిపి, రెండు వైపులా పదిహేను డిగ్రీల వాలుతో, మూడు వారాలకొకసారి నూరుతాను. మధ్యలో పదును మందగిస్తే పింగాణీ కప్పును బోర్లించి, అడుగున మెరుపు పూత లేని గరుకు అంచు మీద నాలుగు సార్లు లాగితే టమాటా తొక్క మళ్ళీ తెగుతుంది. ఒకసారి పని తొందరలో వీధిలో సైకిలు చక్రంతో సానపట్టే అతనికి ఇచ్చాను. పొడి చక్రం మీద నిప్పురవ్వలు లేచాయి, మొన దగ్గర నీలి రంగు తేలింది. అంత వేడెక్కిన చోట స్టీలు మెత్తబడుతుంది. ఆ మొన ఆ తరువాత పదును నిలుపుకోలేదు, మెత్తబడిన భాగమంతా రాయి మీద అరగదీసేదాకా కొన్ని నెలలు పట్టింది. అలుగు ఇప్పుడు 93 మిల్లీమీటర్లే ఉండడానికి కారణం అదే.

చేయలేని పనులు కూడా చెప్పాలి. క్యాబేజీ గడ్డను నాలుగు వైపుల నుంచి గాట్లు పెట్టి విడదీయాలి. గుమ్మడికాయ, పుచ్చకాయ, పనసకాయ దీని పని కాదు. ఆవకాయ ముక్కలకు టెంకతో సహా కొట్టే పెద్ద కత్తే కావాలి, టెంక మీద ఈ అలుగు అంచు చిట్లుతుంది. నలుగురికి మించి వండవలసి వస్తే సన్నటి పిడి వల్ల అరగంట తరువాత అరచేయి నొప్పి పుడుతుంది. జేబు కోసం పిడి మందాన్ని 14 మిల్లీమీటర్లకు తగ్గించాను, వంట కోసమైతే 18 ఉండాలి. టేకు చెక్కలు మాత్రం ఆరేళ్ళ తడికి ఉబ్బలేదు, పగలలేదు. ఏడాదికొకసారి అవిసె నూనె పట్టిస్తే చాలు.

ప్రయాణాల గురించి చాలామంది అడుగుతారు. 2016 ఆయుధ నిబంధనలలో 9 అంగుళాలకు మించిన పొడవు లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు ఉన్న అలుగుల ప్రస్తావన ఉంది, ఇంటి పనికి చేసిన కత్తులను అందులోంచి మినహాయించారు. నాలుగు అంగుళాలు కూడా లేని ఈ చాకు ఆ కొలతలకు చాలా దూరం. విమానంలో చేతి సంచిలో పెట్టనివ్వరు, చెక్-ఇన్ సామానులో వేయాలి. బస్సులో, రైలులో గిన్నెల సంచిలోనే పెడతాను, జేబులో కాదు.

ఇప్పుడు మూడో అలుగు గీతలు బల్ల మీద ఉన్నాయి. అంచు వంపు సగానికి తగ్గించాను, పిడి మందం రెండు మిల్లీమీటర్లు పెంచాను, మిగతా కొలతలు కదల్చలేదు. తేలని సంగతి ఒక్కటే ఉంది. మా అమ్మాయి ఎడమచేతి వాటం. ఈ వేసవి సెలవుల్లో నా చాకుతో మామిడిపండు కోసుకోబోయి, లాక్ పట్టీ తన బొటనవేలికి కాకుండా మిగతా వేళ్ళ వైపు ఉండడం వల్ల మూయలేక, "నాన్నా, ఇది నా చేతికి తిరగబడి ఉంది" అని నాకే తిరిగి ఇచ్చింది. పట్టీని రెండో పక్కకు మార్చడం సులువే, అప్పుడది నా చేతికి తిరగబడుతుంది. రెండు చేతులకూ సమానంగా పనిచేసేది పిడి వీపు మీద నొక్కే లాక్. దానికి వీపులో స్ప్రింగ్ పెట్టాలి, స్ప్రింగ్ పెడితే నీళ్ళు పోయే దారి మూసుకుపోతుంది. ప్రస్తుతానికి ఒకే అలుగుకు ఎడమ పట్టీతో ఒక పలక, కుడి పట్టీతో ఒక పలక చేయించి, రూపాయి బిళ్ళతో విప్పి మార్చుకునేలా గీస్తున్నాను. పట్టీ ఆనుకునే చోట అలుగు వెనక భాగం రెండు వైపులా ఒకే వాలుతో ఉండాలి; ఆ వాలు ఎంత ఉండాలో అట్టముక్కలతో మాదిరులు చేసి చూస్తున్నాను.